బిలాస్‌పూర్ నుంచి పారిస్‌కు ఒక చుక్క దారి
రైల్వే కాలనీల్లో తరాలుగా తెలుగువాళ్లు బతుకుతున్న ఊళ్లో నిలబడి చూస్తే, పారిస్‌లో మారుతూ పోయిన ఒక చిత్రకారుడి శైలి మరోలా కనిపిస్తుంది

బిలాస్‌పూర్ స్టేషన్‌లో చాలామందికి ఉండే పని ఒక్కటే, రైలు మారడం. హౌరా నుంచి ముంబై వెళ్లే ప్రధాన మార్గం, ఉత్తరాన కట్నీ వైపు కొండలెక్కే మార్గం ఇక్కడే విడిపోతాయి. చేతిలో కొన్ని గంటల ఖాళీ, కాళ్ల దగ్గర సామాను, చూపు బోర్డు మీద. వందేళ్ల కిందట రవీంద్రనాథ్ టాగోర్ తన 'ఫాంకి' అనే కవితకు ఈ స్టేషన్నే రంగస్థలం చేసుకున్నారు. జబ్బుపడిన భార్యను గాలిమార్పు కోసం తీసుకెళ్తున్న భర్త రైలు మారడానికి ఇక్కడ ఆగుతాడు. ఒక కూలి భార్య తన కూతురి పెళ్లికి 25 రూపాయలు కావాలంటుంది. ఇచ్చి తీరాలని భార్య పట్టుబడుతుంది. భర్త సరేనని చెప్పి, చాటుగా రెండు రూపాయలు చేతిలో పెట్టి ఆమెను పంపించేస్తాడు. భార్య చనిపోయాక, మనసు తొలిచేసి, ఆ బాకీ తీర్చడానికి మళ్లీ బిలాస్‌పూర్ వస్తాడు. ఆ కూలి కుటుంబం అప్పటికే ఎటో వెళ్లిపోయింది. ఆ కవిత ఇప్పుడు స్టేషన్‌లో ఒక ఫలకం మీద ఉంది. ప్లాట్‌ఫామ్ వెతుక్కునే తొందరలో దాన్ని ఆగి చదివేవాళ్లు తక్కువే.

తిరిగి వచ్చేసరికి ఆలస్యమైపోవడం, ఇవ్వాల్సింది ఇవ్వలేకపోవడం. బిలాస్‌పూర్‌లో ఈ రెండు మాటలూ మరో కథను గుర్తు చేస్తాయి. అది పారిస్‌లో ముగిసినట్టే ముగిసి, ఇక్కడికి దగ్గర్లో మళ్లీ మొదలైన కథ.

2023 ఫిబ్రవరి 15 నుంచి మే 15 వరకు పారిస్‌లోని జార్జ్ పాంపిడూ సెంటర్‌లో ఒక పెద్ద ప్రదర్శన జరిగింది. గోడల మీద వందకు దగ్గరగా కృతులు. చిత్రకారుడు సయ్యద్ హైదర్ రజా. దాదాపు 60 ఏళ్లు ఫ్రాన్స్‌లో ఉండి, ఫ్రెంచి కళాకారిణిని పెళ్లాడి, అక్కడి విమర్శకుల బహుమతి అందుకుని, ఫ్రెంచి ప్రభుత్వపు 'లీజియన్ ఆఫ్ ఆనర్' పొందిన మనిషి. పారిస్ ఆయన్ని తన ఆధునికుల్లో ఒకడిగా చూపించుకుంది. అందులో తప్పేమీ లేదు. కానీ ఆయన పుట్టింది మండ్లా జిల్లా అడవుల్లోని బాబరియాలో, 1922 ఫిబ్రవరి 22న. మండ్లాకూ బిలాస్‌పూర్‌కూ ఉన్న సంబంధం మాత్రం ఏ కేటలాగులోనూ వెతకాల్సిన పని లేదు. అది రైల్వే టైమ్‌టేబుల్లో దొరుకుతుంది.

ఒకే జోన్, రెండు రాష్ట్రాలు

రజా పుట్టేనాటికి మండ్లా, బిలాస్‌పూర్ రెండూ నాగపూర్ రాజధానిగా ఉన్న సెంట్రల్ ప్రావిన్సెస్‌లో భాగం. తర్వాత రెండూ మధ్యప్రదేశ్‌లోకి వచ్చాయి. 2000 నవంబర్ 1న ఛత్తీస్‌గఢ్ ఏర్పడడంతో బిలాస్‌పూర్ ఇటు, మండ్లా అటు అయ్యాయి. పటం మీద గీత పడింది. కానీ 2003 ఏప్రిల్‌లో బిలాస్‌పూర్ కేంద్రంగా ఆగ్నేయ మధ్య రైల్వే మొదలైనప్పుడు, నాగపూర్ డివిజన్‌తో పాటు సాత్పురా కొండల్లోని నారోగేజ్ మార్గాలూ దాని కిందికే వచ్చాయి. నైన్‌పూర్ నుంచి మండ్లా ఫోర్ట్ వరకు వెళ్లే లైను వాటిలో ఒకటి. రెండున్నర అడుగుల వెడల్పున్న ఆ బుల్లి పట్టాలు వేసింది బెంగాల్ నాగపూర్ రైల్వే. అదీ రజా పుట్టక ముందే. 2015లో నారోగేజ్ బళ్లు ఆగిపోయాయి. తర్వాత అదే దారిలో బ్రాడ్‌గేజ్ వచ్చింది. పాత ఇంజన్లు ఇప్పుడు నైన్‌పూర్ మ్యూజియంలో ఉన్నాయి. అలా ఆ చిత్రకారుడి సొంతూరి స్టేషన్‌కు ఈనాటికీ పెద్దాఫీసు బిలాస్‌పూరే.

ఆ పెద్దాఫీసు ఊరికే రాలేదు. జోన్ కోసం 1996 జనవరిలో బిలాస్‌పూర్ భగ్గుమంది. ఆందోళన హింసాత్మకమైంది. ఒక రైల్వే జోన్ కోసం ఊరు ఊరంతా రోడ్డెక్కడం బయటివాళ్లకు విడ్డూరంగా తోచవచ్చు. 2019లో ప్రకటన వచ్చేదాకా విశాఖపట్నం జోన్ కోసం ఏళ్ల తరబడి గొంతు చించుకున్న తెలుగువాళ్లకు దాన్ని ప్రత్యేకంగా వివరించనక్కర్లేదు. జోన్ అంటే కొన్ని ఆఫీసులు, కొన్ని ఉద్యోగాలు మాత్రమే కాదు. మన సరకు మీద వచ్చే లెక్క మన దగ్గరే రాయాలన్న పట్టుదల. కోర్బా బొగ్గు దేశమంతా కరెంటు వెలిగిస్తుంటే, దాన్ని మోసే బళ్ల హుకుం ఎక్కడో కోల్‌కతాలో ఎందుకుండాలన్నది ఈ ఊరి ప్రశ్న.

ఈ ఊళ్లో తెలుగు వినిపించడానికి కారణం కూడా పట్టాలే. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగపూర్ రైల్వే ఒక కొసన హౌరా, ఒక కొసన నాగపూర్, మరో కొసన వాల్తేరు పెట్టుకుని నడిచింది. 1931లో రాయపూర్-విజయనగరం మార్గం తెరుచుకోవడంతో పార్వతీపురం, బొబ్బిలి వైపు ఊళ్లకు ఛత్తీస్‌గఢ్ ఒక రాత్రి ప్రయాణమైపోయింది. ఉత్తరాంధ్ర కుర్రాళ్లు గ్యాంగ్‌మన్లుగా, ఫైర్‌మన్లుగా, ఖలాసీలుగా, ఆనక గుమాస్తాలుగా, గార్డులుగా, డ్రైవర్లుగా ఈ లైను పొడవునా స్థిరపడ్డారు. ఖరగ్‌పూర్‌లో ఎంతమంది తెలుగువాళ్లున్నారో అందరికీ తెలుసు. బిలాస్‌పూర్ సంగతి అంతగా ఎవరూ చెప్పుకోరు. ఈ రైల్వే కార్మికుల సంఘాన్ని కట్టి, 1928 నాటి సమ్మెను నడిపించింది కూడా తెలుగువాడే. తర్వాతి కాలంలో రాష్ట్రపతి అయిన వి.వి. గిరి.

స్టేషన్ దాటి రైల్వే ప్రాంతంలోకి అడుగుపెడితే ఊరి లెక్కే మారిపోతుంది. అసలు బిలాస్‌పూర్ ఆర్పా నది ఒడ్డున, తన ఇరుకు సందులతో, తన తీరికతో పెరిగింది. రైల్వే ఊరు మాత్రం స్కేలు పెట్టి గీసినట్టుంటుంది. వరసగా క్వార్టర్లు, వాటి ముందు చెట్లు, హోదాను బట్టి పెరిగే పెరడు. బుధవారీ బజారులో కూరగాయల బేరం ఛత్తీస్‌గఢీలో మొదలై, హిందీలోకి మళ్లి, పక్క మనిషితో తెలుగులో ముగుస్తుంది. బారహ్ ఖోలీ ప్రాంతంలో జరిగే షోలాపురి మాత పూజ తెలుగువాళ్ల సందడికి పెట్టింది పేరు. ఎండాకాలంలో అమ్మవారి పేరిట మొక్కులు, ఘటాలు, ఊరేగింపు. శ్రీకాకుళం జిల్లాలోని ఏ గ్రామదేవత జాతరలోనైనా సరే, ఆ డప్పుల వరస ఇంచుమించు అదే.

మీదే ఊరని ఇక్కడి కుర్రకారును అడిగితే జవాబు రెండు విడతల్లో వస్తుంది. ముందు బిలాస్‌పూర్. ఆనక, కాస్త ఆగి, తాతగారి ఊరి పేరు. ఆ ఊరు వీళ్లలో చాలామంది పెళ్లిళ్లకో కర్మకాండలకో తప్ప చూడరు. తెలుగు మాట్లాడతారు, చదవడం తక్కువ. తిరుపతి రైలు, విశాఖ రైలు మాత్రం టైముతో సహా నోటికొచ్చు. వీళ్లు ఎక్కడివాళ్లు? వేరే చోట పుట్టిన భాషను ఇంట్లో, ఇక్కడి భాషను వీధిలో వాడే మనిషిది ఏ ఊరు? పాంపిడూ గోడల మీది వంద బొమ్మలు అడిగిన ప్రశ్న కూడా సరిగ్గా ఇదే.

నల్ల సూర్యుడి నుంచి బిందువు దాకా

రజా శైలి మారిన తీరును కాలక్రమంలో చూస్తే, ఒక్క మనిషే ఇవన్నీ వేశాడంటే నమ్మబుద్ధి కాదు. నాగపూర్ ఆర్ట్ స్కూల్లో, తర్వాత బొంబాయి జె.జె. స్కూల్లో నేర్చుకున్న యువకుడు నీటిరంగుల్లో బొంబాయి వీధుల్ని వేశాడు. వాన, జనం, తడిసిన ఇళ్లు. 1947లో ఎఫ్.ఎన్. సౌజా, ఎం.ఎఫ్. హుసేన్ తదితరులతో కలిసి ప్రోగ్రెసివ్ ఆర్టిస్ట్స్ గ్రూప్ పెట్టాడు. మరుసటి ఏడు కశ్మీర్‌లో ఫోటోగ్రాఫర్ ఆన్రి కార్తియే-బ్రెసాఁ ఆయన బొమ్మలు చూసి, రంగులున్నాయి గానీ కట్టుబడి లేదు, సెజాన్‌ను చదువుకో అన్న అర్థం వచ్చేలా సలహా ఇచ్చాడు. ఇల్లు కట్టేవాడు పునాది చూసుకున్నట్టు చిత్రకారుడు నిర్మాణం చూసుకోవాలన్నది ఆ మాటలోని సారం. రజా దాన్ని జీవితాంతం చెప్పుకున్నారు. 1950లో ఫ్రెంచి ప్రభుత్వ స్కాలర్‌షిప్ మీద పారిస్ చేరారు.

అక్కడ మొదట వచ్చింది నిశ్శబ్దం. 1951 నాటి 'ఓ ద కాన్య' చిత్రంలో మనిషి లేడు. పెట్టెల్లాంటి ఇళ్లు ఒకదాని మీద ఒకటి సర్దినట్టుంటాయి. పైన నల్లని సూర్యుడు. కొన్నేళ్లకు ఆ ఇళ్లు కరగడం మొదలుపెట్టాయి. ఫ్రెంచి పల్లెలు, చర్చిలు మందపాటి తైలవర్ణంలో మునిగిపోయాయి. 1956లో 'ప్రి ద లా క్రితిక్' వచ్చింది. ఫ్రాన్స్ బయటివాడికి ఆ బహుమతి రావడం అదే మొదలు. 1962లో అమెరికాలోని బర్క్‌లీకి పాఠాలు చెప్పడానికి వెళ్లి, అక్కడ మార్క్ రోత్కో చిత్రాలు చూశారు. తర్వాతి దశాబ్దంలో ఇళ్లు, చెట్లు పూర్తిగా మాయమై, ఎర్రటి మంట, పసుపు, చిక్కటి నలుపు మిగిలాయి. నూనె రంగుల బదులు త్వరగా ఆరే ఎక్రిలిక్ వచ్చింది. కుంచె విసురు పెరిగింది. ఆ నలుపేమిటని అడిగినవాళ్లకు ఆయన చెప్పిన సమాధానం పారిస్‌ది కాదు, మండ్లాది. ఫారెస్ట్ రేంజర్ కొడుకుగా చూసిన అడవి రాత్రుల భయం, ఆ చీకట్లో గోండుల నృత్యాలు, తెల్లారగానే కలిగే ఊరట.

అంటే అందరూ మెచ్చుతున్న రోజుల్లోనే ఆయన తన మీద తనకు అనుమానం తెచ్చుకున్నారు. ఇది పారిస్ శైలి, బాగానే ఉంది, ఇందులో నేనెక్కడ? 70ల్లో మళ్లీ మళ్లీ ఇండియా వచ్చారు. రాజస్థాన్, గుజరాత్, కాశీ తిరిగారు. 1978లో మధ్యప్రదేశ్ ప్రభుత్వం పిలిస్తే భోపాల్ వచ్చి, చిన్ననాటి ఊళ్లు మళ్లీ చూశారు. ఆ తర్వాత కాన్వాస్ మీద వచ్చింది ఒక నల్లటి వృత్తం. బిందువు.

ఆ చుక్కకో కథ ఉంది. కకైయా ప్రాథమిక పాఠశాలలో రజా కుదురులేని పిల్లాడు. నందలాల్ ఝారియా అనే మాస్టారు ఒక రోజు గోడ మీద చుక్క పెట్టి, దాన్నే చూస్తూ కూర్చోమన్నారట. గుంజీలు తీయించవచ్చు, బెత్తం పుచ్చుకోవచ్చు. ఆయన చుక్క పెట్టారు. ఆ శిక్ష 50 ఏళ్ల తర్వాత భారతీయ ఆధునిక చిత్రకళలో అందరూ గుర్తుపట్టే గుర్తు అయింది. 1981 నాటి 'మా' చిత్రంలో బిందువుతో పాటు దేవనాగరి అక్షరాలూ చేరాయి. హిందీ కవి అశోక్ వాజపేయి కవితలోని పాదం అది. తిరిగి వచ్చేటప్పుడు నీకేం తెచ్చేదని తల్లిని అడిగే కొడుకు మాట. ఫ్రెంచివాళ్లకు ఆ లిపి అలంకారం కావచ్చు. బిలాస్‌పూర్ రైల్వే క్వార్టర్లో, ఊరికి ఫోన్ చేసి ఏం తెమ్మంటావని అడిగిన ప్రతి కొడుక్కీ అది తన గొంతే.

గమ్మత్తేమిటంటే, 1951లో కాన్య ఇళ్ల మీద వేలాడిన నల్ల సూర్యుడికీ 80ల నాటి బిందువుకీ ఆకారంలో పెద్ద తేడా లేదు. శైలులు మారాయనుకుంటాం. కానీ వరసగా చూస్తే, గోడ మీది చుక్క ఆయన వెంటే వచ్చింది. కాకపోతే అదేమిటో ఆయనకు తెలియడానికి 30 ఏళ్లు పట్టింది. అదే 50ల పారిస్‌లో ఒక తెలుగువాడూ ఉన్నారు. చిత్తూరు జిల్లా నందనూరు నుంచి శాంతినికేతన్ మీదుగా వెళ్లిన కృష్ణారెడ్డి. హేటర్ నడిపిన 'అటెలియే 17' వర్క్‌షాపులో, రంగుల చిక్కదనాన్ని మార్చి ఒకే పలక మీద పలు వర్ణాలను ఒకేసారి అచ్చు వేసే పద్ధతిని తీర్చిదిద్దిన వాళ్లలో ఆయన ముఖ్యులు. ఆయన అక్కణ్నుంచి న్యూయార్క్ వెళ్లి 2018లో అక్కడే కన్నుమూశారు. అందరూ తిరిగి రారు. రానంత మాత్రాన మూలం పోగొట్టుకున్నారనీ కాదు.

నర్మద వెంట

బిలాస్‌పూర్ నుంచి మండ్లాకు రెండు దారులు. గోందియా, బాలాఘాట్, నైన్‌పూర్ మీదుగా రైలు దారి ఒకటి. కట్నీ లైను మీద పెండ్రా రోడ్‌లో దిగి, అమర్‌కంటక్, దిండోరీ మీదుగా నర్మద వెంటే సాగే రోడ్డు దారి మరొకటి. రజా బొమ్మలు చూసినవాళ్లు రెండోదే పట్టుకోవాలి. భన్వర్‌టోంక్ దగ్గర రైలు కొండల్లో మెలికలు తిరిగి, సొరంగం దాటి మైకల్ శ్రేణుల్లోకి వెళ్తుంది. సాల చెట్ల కింద పగలే చీకటి. వానలకు ముందు నేల ఎర్రగా, పగిలి ఉంటుంది. ఆ 'పారిస్' చిత్రాల్లోని నలుపు, ఎరుపు, పసుపు ఎక్కడివో అప్పుడు పెద్దగా విప్పి చెప్పే అవసరం ఉండదు.

ఈ దారిలోనే దిండోరీ జిల్లాలో పాటన్‌గఢ్ ఉంది. 1998 వరకు ఇదీ మండ్లా జిల్లాయే. ఇక్కడి పర్ధాన్ గోండు యువకుడు జన్‌గఢ్ సింగ్ శ్యామ్ ఇంటి గోడల మీద వేస్తున్న బొమ్మలు 80ల మొదట్లో చిత్రకారుడు జె. స్వామినాథన్ బృందం కంట్లో పడ్డాయి. జన్‌గఢ్ భోపాల్ భారత్ భవన్‌కు వెళ్లారు. గోడ మీది దేవతలు కాగితం మీదికి, కాన్వాస్ మీదికి వచ్చారు. 1989లో పారిస్‌లో, అదే పాంపిడూ సెంటర్ జరిపిన 'మజీసియాఁ ద లా తెర్' ప్రదర్శనలో ఆయన కృతులున్నాయి. అంటే మండ్లా నేల మీది రంగు పాంపిడూ గోడ ఎక్కడం 2023తో మొదలు కాదు. రజా కంటే 34 ఏళ్ల ముందే, స్కాలర్‌షిప్పులూ ఆర్ట్ స్కూళ్లూ ఎరగని ఒక గోండు ఆ పని చేశాడు. 2001లో జపాన్‌లో ఒక మ్యూజియం కోసం పనిచేస్తూ, అక్కడే ఉరి వేసుకుని చనిపోయారు. అప్పటికి ఆయన వయసు ఇంకా 40 ఏళ్ల లోపే.

ఒకే నేల, ఇద్దరు మనుషులు. ఒకరు వెళ్లారు, ఎదిగారు, ఎప్పుడు తిరిగి రావాలో తానే తేల్చుకున్నారు. మరొకరికి ఆ వెసులుబాటు లేకపోయింది. శైలి మార్చుకోవడం గురించి, మూలాల్లోకి తిరిగి వెళ్లడం గురించి గ్యాలరీల్లో రాసే పలకలు ఈ తేడాను ఎక్కువగా పట్టించుకోవు. కోరుకున్నప్పుడు వెనక్కి రాగలగడం ఒక రకం ఆస్తి. రైల్వే కాలనీల్లో ఈ సంగతి తెలియనివాళ్లుండరు. రిటైరైన రోజున క్వార్టర్ ఖాళీ చేయాలి. ఊళ్లో ఇల్లు ఉన్నవాళ్లు వెళ్తారు. లేనివాళ్లు బిలాస్‌పూర్ శివార్లలో స్థలం చూసుకుంటారు. మూలాల మీద ప్రేమ ఇద్దరికీ ఉంటుంది. పట్టా ఒకరికే ఉంటుంది.

చుక్క ఖరీదు

బిందువుకు మార్కెట్టూ వచ్చింది. రజా 1983లో వేసిన 'సౌరాష్ట్ర' 2010లో లండన్ వేలంలో రూ. 16 కోట్లకు పైగా పలికింది. 1989 నాటి 'జెస్టేషన్' 2023 ఆగస్టులో ముంబైలో రూ. 51.75 కోట్లకు పోయింది. ధర పెరిగాక నకిలీలు రాకుండా ఉండవు. 2009లో ఢిల్లీలో ఒక గ్యాలరీ తన చిత్రాలతో పెట్టిన ప్రదర్శనకు రజా స్వయంగా వెళ్లారు. గోడల మీద ఉన్నవాటిలో చాలా వరకు తను వేసినవే కావని గుర్తించి నివ్వెరపోయారు. ప్రదర్శన మూతపడింది. గుండ్రని చుక్క, త్రికోణాలు, అయిదారు రంగులు. పైకి చూస్తే అనుకరించడం తేలికే. చివరి రెండు దశాబ్దాల్లో ఆయన తన్ను తాను అనుకరించుకున్నారన్న విమర్శా ఉంది. దాన్ని కొట్టిపారేయలేం. ఏ గుర్తయినా మొదట వెతుకులాటే, ఆపైన అలవాటు, చివరికి ముద్ర. కానీ జపమాల తిప్పేవాణ్ని అన్న మాటే మళ్లీ ఎందుకంటావని ఎవరూ అడగరు. తనది ఆ బాపతు పునరుక్తి అన్నట్టే రజా మాట్లాడేవారు. ఏది జపమో ఏది నకలో చూసేవాళ్లే తేల్చుకోవాలి. ఒక శైలి నుంచి మరో శైలికి మారుతూ వచ్చిన దశలన్నీ పక్కపక్కన పెట్టి చూపే ప్రదర్శనకు ఉన్న అసలు ప్రయోజనం అదే. ఒక్క చుక్కనే చూస్తే వ్యాపారం కనిపించవచ్చు. దాని వెనక ఇళ్లు, మంటలు, అడవులు వరసగా చూశాక అంత తేలిగ్గా తీర్పు చెప్పలేం.

దేశ విభజనప్పుడు రజా అన్నదమ్ములు పాకిస్తాన్ వెళ్లిపోయారు. ఆయన వెళ్లలేదు. చిన్నప్పుడు మండ్లాలో గాంధీని చూశానని, దేశం వదిలితే ఆయనకు ద్రోహం చేసినట్టవుతుందని అనుకున్నానని చెప్పేవారు. ఒక ముస్లిం చిత్రకారుడు ప్రకృతి, పురుషుడు, పంచభూతాలు, కుండలిని అంటూ బొమ్మలు వేస్తే ఇది ఎవరి వారసత్వమని అడిగేవాళ్లు ఈనాడు దొరకవచ్చు. మండ్లా మాస్టారు పెట్టిన చుక్క ఎవరిదో అడిగినట్టుంటుంది ఆ ప్రశ్న. బారహ్ ఖోలీ అమ్మవారి ఊరేగింపులో ఛత్తీస్‌గఢీ డప్పుగాడు, తెలుగు మొక్కు, బెంగాలీ ప్రేక్షకుడు కలిసి నడుస్తున్నప్పుడు దాన్నెవరూ అడగరు.

భార్య జనీన్ మొంగియా 2002లో చనిపోయాక పారిస్‌లో రజా ఒంటరయ్యారు. 2010 చివర్లో, 88 ఏళ్ల వయసులో ఢిల్లీకి తిరిగి వచ్చేశారు. చేతులు వణికినా కుంచె వదల్లేదు. 2016 జూలై 23న కన్నుమూశారు. కోరుకున్నట్టే మండ్లాలో, తండ్రి సమాధి పక్కన ఖననం చేశారు. ఆయన పెట్టిన రజా ఫౌండేషన్ ఏటా అక్కడ ఆయన పేరిట కార్యక్రమాలు జరుపుతోంది. ఊరి పిల్లలు, పెద్దలు కూర్చుని మట్టి పాత్రలకు, గొడుగులకు రంగులు వేస్తారు. పాంపిడూ సెంటర్ మరమ్మతుల కోసం 2025లో మూతపడింది. తెరవడం 2030లోనని చెబుతున్నారు. వంద బొమ్మలు వేలాడిన ఆ గోడలకు ఇప్పుడు తాళం. మండ్లాలో రంగుల డబ్బా మూత మాత్రం ఏడాదికోసారి తెరుచుకుంటోంది.

టాగోర్ కవితలోని భర్త బిలాస్‌పూర్ తిరిగి వచ్చేసరికి బాకీ తీసుకునే మనిషే లేదు. రజా వచ్చేసరికి నందలాల్ మాస్టారి బడి ఉంది, తండ్రి సమాధి ఉంది, నర్మద ఉంది. కొంత ఆలస్యమైనా బాకీ అందింది. బిలాస్‌పూర్ తెలుగువాళ్ల బాకీ లెక్క ఇంకా తేలలేదు. అది బొబ్బిలికి కట్టాలో, బుధవారీ బజారుకు కట్టాలో వాళ్లకే తెలియదు. బహుశా రెండు చోట్లా కొంచెం కొంచెం కడుతూనే ఉన్నారు. ఎండాకాలంలో ఘటం ఎత్తినప్పుడు ఒక వాయిదా, విశాఖ రైలెక్కినప్పుడు మరో వాయిదా.